మంగళవారం కూడిక

నోట్లో వేపపుల్ల పెట్టుకున్నవాడికి చెవులు కూడా సగమే పనిచేస్తాయన్న సంగతి పోలీసు పటేలు సీతారాంకు ఆ మంగళవారం పొద్దునదాకా తెలియదు. గడపలో కూర్చున్న ఐదేండ్ల మనవరాలు బాలలక్ష్మి "తాతా, ఇయ్యాల మరియవ్వ కాడ కూడిక" అన్నది. ఆయనకు "కుడుక" అని వినబడింది. ఎండుకొబ్బరంటే ఆయనకు ప్రాణం.

"నాకో తునక తెస్తవా బిడ్డా?"

"ఏం తునక?"

"కుడుక తునక."

"కుడుక గాదు తాతా, కూడిక. రేపు తీసివేత. ఎల్లుండి భాగారం."

పటేలు పుల్ల నమలడం ఆపాడు. ఎందరు కూడుతారని అడిగితే పదమూడు మంది అన్నది. భాగారమంటే ఏం చేస్తారని అడిగితే, ఎక్కువున్నవాళ్ల దగ్గర తీసుకొని అందరికీ సమానంగా పంచుతారన్నది. వేపరసం గుటుక్కున గొంతు దిగింది. కడుపుదాకా చేదే. అది వేపదో వార్తదో ఆయనకు తేలలేదు.

చదివేవారికి ఇందులో బెదరాల్సినదేమీ కనబడదు. కూడిక, తీసివేత, భాగహారం, అన్నీ పిల్లల లెక్కలే. కానీ అది జర్మనీవాడి రెండో లడాయి మొదలైన మరుసటి ఏడు. నిజాం సర్కారు బడిలో లెక్క కూడా ఉర్దూలోనే నడిచేది. సీతారాం చిన్నప్పుడు రెండేండ్లు చదివి జమా నేర్చుకున్నాడు, తఫ్రీక్ నేర్చుకున్నాడు. మూడోది జర్బ్. ఆ మాటకు గుణించడమనీ దెబ్బ అనీ రెండర్థాలున్నాయి. పంతులు రెండో అర్థాన్ని ముందు చెప్పేసరికి పిల్లవాడు బడి మానేశాడు. గుణకారంలో గుణం దాకా పోలేదు, కారమే తిని వచ్చాడు. లెక్కలకు తెలుగులో కూడా పేర్లుంటాయని ఆ తర్వాత ఆయనకు చెప్పినవారు లేరు.

అందుచేత ఆయన నిఘంటువులో కూడిక అంటే మనుషులు కూడడం. సర్కారు ఇజాజతు, అంటే అనుమతి, లేకుండా జనం కూడితే పటేలు ఖబరు పంపాలి. పంపకపోతే పటేల్‌గిరీ ఊడుతుంది. మూడు తరాలుగా ఇంటికి వస్తున్న పటేల్‌గిరీ అది. అది లేని సీతారాంను ఊళ్లో ఎవరూ చూడలేదు, సీతారాం కూడా చూడలేదు. మరియ ఇంట్లో ఆదివారాలు కిరస్తానీల ప్రార్థన కూడిక జరుగుతుందని ఆయనకు తెలుసు. ఆదివారం కూడికైతే దేవుడి పని. మరి మంగళవారం కూడిక ఎవరి పని?

ఆనాటి ఆయన ఏర్పాటు వేరే. చద్ది తిని, కచ్చురం బండి కట్టించుకొని, కామారెడ్డి పోయి తలకు కొత్త రుమాలు కొనాలి. గురువారం తాసిల్దారు సాబు ఊరికి దౌరా వస్తున్నాడు. పాత రుమాలును ఎట్లా చుట్టినా ఎలుక కొట్టిన చిల్లు పైకే తేలుతున్నది. ఇప్పుడాయనకు రుమాలు సంగతి పోయి, దాని కింద తల సంగతి పట్టుకున్నది.

భార్య సత్యమ్మ బియ్యం చెరుగుతూనే సంగతి విన్నది. ఆ పదమూడు మందిలో పాలపళ్లవాళ్లే తప్ప పళ్లు కొరికేవాళ్లు ఒక్కరూ లేరని, మరియనే పిలిచి అడిగితే పోతుందని చెప్పింది. పిల్లల వెనక పెద్దలుంటారు, అడిగితే చెప్తారా అన్నాడు పటేలు. ఆమె చేటను ఇంకోసారి ఎగరేసి, "చెప్తరనే గద నీ భయం" అన్నది.

మరియ సంగతి ఇది. కామారెడ్డి మిషను బడిలో నాలుగు దాకా తెలుగులో చదువుకున్నది. నాట్ల కాలంలో కూలి తల్లులు పసివాళ్లను గుంజకు కట్టేసి పోవడమో, చిటికెడు నల్లమందు పెట్టి పండబెట్టి పోవడమో చూసి ఓర్వలేక, రెండేండ్లుగా తన అరుగు మీద వాళ్లను చూసుకుంటున్నది. చూసుకోవడమంటే ఊరికే కూర్చోబెట్టడం కాదు. చింతగింజలు, చీపురు పుల్లలు, ఇసుక, కొలిచే గిద్దె, సోల, వీటితోనే వాళ్లకు లెక్క చెప్పేది. పలక తర్వాతి సంగతి. "అంకె నోట్లెకు వచ్చుడు కంటె ముందుగాల చేతిలెకు రావాలె" అనేది. ఆ పిల్లలు ఎవరి అంకెకూ రాకపోయినా, అంకెలు మాత్రం వాళ్ల మాట వినేవి. పటేలు ఇంటి పిల్ల అక్కడికి పోవడం సత్యమ్మ కనుసన్నల్లో జరుగుతున్న వ్యవహారం. పటేలుకు ఆ పొద్దునదాకా అదీ తెలియదు.

ఆయన కావలికారు మైసన్నను పిలిచి, అరుగు వెనకాల గోడవతల కూర్చొని చెవి పెట్టి రమ్మన్నాడు. మైసన్న నిజాయితీపరుడు. విన్నది విన్నట్టు చెప్తాడు. విననిది మాత్రం తన పూచీ కాదంటాడు. జాముకు తిరిగి వచ్చాడు, చెమట కారుతూ.

"పటేలా, మూడు మాటలిన్న. పెద్దోళ్ల కాడ మస్తున్నయి, సిన్నోళ్ల కాడ తక్కువున్నయి, సమానం జెయ్యాలె అన్నది. పది పుల్లలు కట్ట గడితే ఎవ్వడు ఇరువలేడు అన్నది. మూడోది..."

"మూడోది?"

"రేపు ముందుగాల ఎవర్ని తీసేద్దామని ఆమె అడిగింది. పటేల్ను తీసేద్దామని పోరగాండ్లందరు ఒక్కటే లొల్లి. నేను ఇగ ఆడ నిలవడలే."

కచ్చురం కామారెడ్డి వైపు కాక ఎల్లారెడ్డి వైపు తిరిగింది.

గుణకారం ఒక్కటే మిగిలింది కదా, అది దారిలో జరిగింది. లింగంపేటలో పక్క ఊరి పటేలు హనుమాండ్లు కలిశాడు. పదమూడు మంది ఆయన చెవిన పడేసరికి ముప్పై మంది అయ్యారు. ఆయన కూడా బండెక్కాడు. ఇంకో కోసు దూరాన సాయన్న పటేలు ఎక్కాడు. ఆయన దాకా వచ్చేసరికి మూడు వందలు. తన ఊళ్లో కూడా మొన్నెవడో పుల్లలు కట్ట కడుతుండగా కళ్లారా చూశానన్నాడు సాయన్న. వాడు కట్టెలమ్ముకునేవాడని ఆయనకూ తెలుసు, కానీ భయానికి సాక్ష్యం కావాలి గాని నిజం అక్కరలేదు. ముగ్గురూ తమ తమ ఊళ్లలో తీసివేతకు వరుసలో ఎవరు ముందో లెక్క వేసుకున్నారు. ఆ లెక్క ముగ్గురికీ ఒక్క తీరుగానే వచ్చింది.

ఎల్లారెడ్డి తాసిల్ కచేరీ ముందర అర్జీలు రాసే యాకూబు చాప మీద కూర్చొని ఉన్నాడు. ఉర్దూ ముత్యాల్లా రాస్తాడు, సొంత మాట ఒక్కటి కలపడు. సీతారాం కూడా అదే కోరాడు. పిల్ల ఏమన్నదో అదే రాయి, ఒక మాట ఎక్కువ వద్దు, ఒక మాట తక్కువ వద్దు అన్నాడు. ఈ రోజు కూడిక, రేపు తీసివేత, ఎల్లుండి భాగారం, మనుషులు పదమూడు, జాగా మరియ అరుగు. యాకూబు కలం పరుగెత్తింది. చివర ఒక్కసారి ఆగి తల ఎత్తాడు.

"గీ మూడేనా పటేలా? జర్బ్ లేదా?"

సీతారాంకు వీపు జివ్వుమన్నది. "ఇంక కొట్టుడు దాక రాలేదు" అన్నాడు మెల్లగా. "గప్పటిదాక రావొద్దనే గద మా ఆరాటం."

యాకూబు కాగితం ముందుకు జరిపాడు. అర్జీదారు మర్జీ, రాసేవాడికెందుకు? పటేలు మొహరు ముద్ర పడింది.

తాసిల్దారు సాబు కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. అద్దాలు తీసి తుడుచుకొని మూడోసారి చదివాడు. ముగ్గురు పటేళ్లూ ఆయన మొహంలో తుపాకులు వెతికారు. ఆయన అడిగింది ఒక్కటే.

"ఈ పదమూడు మంది వయసెంత?"

"నాలుగేండ్లు, ఐదేండ్లు సర్కార్. ఒక్కడు ఆరు."

సాబు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గురువారం ఎట్లాగూ వస్తున్నానని, తానే చూస్తానని, అప్పటిదాకా ఆ అరుగు పనిలో పటేలు ఏమి చేస్తే దానికి పటేలే జవాబు చెప్పుకోవాలని అన్నాడు. సీతారాంకు చివరి ముక్క, అరుగు నడిస్తే తల పోతుందన్న బెదిరింపుగా వినబడింది. ఇంటికి రాగానే అరుగు బందు పెట్టమని మైసన్నతో చాటింపు వేయించాడు.

బుధవారం పొద్దున పటేలు వాకిట్లో బాలలక్ష్మితో కలిపి పదమూడు మంది పిల్లలు చేరారు. వెంట నాటుకూలీల పెద్ద చంద్రవ్వ. నారుకట్ట చంకలోనే ఉన్నది.

"ఏందే ఇది?" అన్నాడు పటేలు.

"అరుగు బందు పెట్టినవట గద బాపు. బందు పెట్టినోళ్లే సూసుకోవాలె. లేదంటె ఈళ్లను ఎత్తుకొని నీ మడిలనే దిగుతం, నారు దొక్కుతరో నాటు పెడ్తరో వాళ్లిష్టం."

చెప్పి చంద్రవ్వ వెళ్లిపోయింది. పటేలు తన కొంపలోనే కూడికకు అధ్యక్షుడయ్యాడు.

మొదటి గడియ ఆయన కర్ర పట్టుకొని కాపలా కాశాడు. రెండో గడియకు కర్ర గోడకు చేరింది, ఆయన అరుగు మీదికి చేరాడు. పిల్లలను ఎవరూ ఏమీ చెయ్యమనలేదు. అయినా వాళ్లు సత్యమ్మ ఆరబోసిన ఉల్లిగడ్డల చుట్టూ చేరి పెద్దవన్నీ ఒక దిక్కు, చిన్నవన్నీ ఒక దిక్కు చేశారు. నడుమ తరహావి ఎటు పోవాలన్న దాని మీద పెద్ద పంచాయితీ నడిచింది. తీర్పు వాళ్లే చెప్పుకున్నారు. వాటికి మూడో కుప్ప.

తండా పిల్ల తుల్సికి నాలుగేండ్లు. తెలుగు సగం వచ్చు, అంకెలు మూడు దాకా వచ్చు. బువ్వ వేళకు సత్యమ్మ మోదుగాకుల విస్తళ్లు ఆమె చేతికిచ్చింది. తుల్సి ఒక్కొక్కరి ముందర ఒక్కొక్కటి వేసుకుంటూ పోయి, చివర ఆగి, "అవ్వా, ఇంకొకటి" అన్నది.

పటేలుకు తమాషా అనిపించింది. "ఎన్ని ఏసినవే?"

తుల్సి తల అడ్డంగా ఊపింది. తెలియదు.

"ఎన్నో తెల్వకుంటె ఒకటి తక్కువైందని ఎట్ల తెల్సింది?"

తుల్సి ఆయనను జాలిగా చూసింది. చివరన కూర్చున్న హీర్యా అనే పిల్లవాణ్ని వేలితో చూపింది. "వాని ముందల లేదు."

పటేలు ఆ ఖాళీ జాగాను చూశాడు. ముప్పై ఏండ్లుగా ఊళ్లో గడపలు లెక్కపెట్టి సర్కారుకు అంకె పంపుతున్నాడు. ఏ అంకె పంపినప్పుడూ ఎవరి ముందర ఏమి లేదో చూడాలని తోచలేదు.

బువ్వ తర్వాత హీర్యా ఎత్తుగా సన్నగా ఉన్న చెంబునూ వెడల్పు గిన్నెనూ ముందర పెట్టుకున్నాడు. దేంట్లో ఎక్కువ నీళ్లు పడతాయని తుల్సితో పందెం. ఎత్తుంది కాబట్టి చెంబే అన్నాడు హీర్యా. పటేలు కూడా మనసులో చెంబు వైపే మొగ్గాడు. చెంబు నింపి గిన్నెలో పోశారు. గిన్నె నిండలేదు. హీర్యా నమ్మక మళ్లీ పోశాడు. మళ్లీ నిండలేదు. మూడోసారి పటేలు స్వయంగా లేచి వచ్చి, ఒక చుక్క కిందపడకుండా పోసి చూశాడు. గిన్నె ఆయనకు కూడా లొంగలేదు.

"ఎత్తును సూసి మోసపోయిన" అన్నాడు.

"నువ్వేగాదు, ఊరంత గట్లనే మోసపోతది నీ రుమాలు సూసి" అన్నది సత్యమ్మ దర్వాజాలోంచి. తర్వాత గొంతు తగ్గించి, "ఈ ఫౌజేనా నీ పటేల్‌గిరీ గుంజుకునేది?" అని అడిగింది.

సాయంత్రం తల్లులు పిల్లలను తీసుకుపోయినాక మరియ వచ్చి వాకిలి బయటే నిలబడింది. పటేలా, నేను చేసిన తప్పేందో చెప్పు, దిద్దుకుంట అన్నది. పొద్దున ఉన్న తప్పు సీతారాంకు ఇప్పుడు వెతికితే కనబడడం లేదు. రేపు సాబు వస్తడు, ఆయనే అడుగుతడు అని తల దించుకున్నాడు. పటేల్ను తీసేద్దామన్న మాట ఒక్కటే ఇంకా ముల్లులా ఉన్నది. తప్పు లేనిచోట అంత మాట ఎందుకు పుట్టింది? కానీ తుల్సి వేలు కళ్ల ముందరనుంచి పోవడం లేదు. అర్జీ వాపసు తీసుకుందామంటే అది సాబు జేబులో ఉన్నది. అర్జీలకు కూడికే గాని తీసివేత ఉండదు. అబద్ధపు అర్జీ పెట్టిన పటేలును సర్కారు ఉంచదు. నిజమని నిలబడితే మరియను ఉంచదు. రెంటిలో ఒకటే మిగులుతుంది. ఇంత చిన్న లెక్కకు ఆయనకు రెండు రుమాళ్ల చెమట పట్టింది.

గురువారం సాబు గుర్రం నేరుగా మరియ అరుగు ముందర ఆగింది. ఊరంతా వచ్చింది. నాట్లు ఆపి చంద్రవ్వ గుంపు వచ్చింది. హనుమాండ్లు, సాయన్న కొత్త రుమాళ్లతో వచ్చారు. సీతారాం చిల్లు రుమాలును చేతిలో పట్టుకొని ముందుకు వచ్చాడు.

"సర్కార్, నాదొక మాట. అర్జీ నేను పెట్టించిన. అది తప్పు. ఈ పిల్లలు నిన్న పొద్దుగాలకెల్లి పొద్దూకేదాక నా ఇంట్లనే ఉన్నరు. ఈళ్లల్ల నాకు లుచ్చతనం కండ్లవడలే. నాకు తెల్వనిదే కండ్లవడ్డది. పటేల్‌గిరీ తీసేస్తె నాది తీసెయ్యున్రి. మరియవ్వ అరుగు జోలికి మాత్రం పోకున్రి."

మూడు తరాల పటేల్‌గిరీ ఆయన నాలుక మీంచి జారి నేల మీద పడ్డట్టు అందరూ కిందికి చూశారు. మరియ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

సాబు గుర్రం దిగి అరుగు మీద కూర్చున్నాడు. ఈ రోజు ఇక్కడ ఏముండాలి అని మరియను అడిగాడు. భాగారం సాబ్ అన్నది ఆమె. చేసి చూపమన్నాడు. ఆమె సోలెడు పుట్నాలు తెచ్చి పిల్లల ముందర పెట్టి, వచ్చినవాళ్లకూ కలిపి పంచమన్నది. బాలలక్ష్మి, తుల్సి వరుస పెట్టారు. పిల్లల తర్వాత సాబు, సాబు పక్కన ముగ్గురు పటేళ్లు, చివర మైసన్న. తలా ఒక్కటి, మళ్లీ తలా ఒక్కటి. హనుమాండ్లు పటేలు రెండు చేతులూ చాపితే, వరుస చెడుతుంది, ఒక చెయ్యి చాలన్నది తుల్సి. చివరికి పంచడానికి చాలని ఐదు గింజలు మిగిలాయి. ఎవరికియ్యాలని సాబు అడిగాడు. వరుసలో లేనివాళ్లకు అన్నది బాలలక్ష్మి. అవి చంద్రవ్వ గుంపులో చంకన ఉన్న పసివాళ్లకు పోయాయి.

అప్పుడు సాబు జేబులోంచి కాగితం తీశాడు. గొంతు సవరించుకొని ఊరందరికీ వినబడేట్టు చదివాడు.

"ఆజ్ జమా. కల్ తఫ్రీక్. పర్సోఁ తక్సీమ్."

సీతారాం నోరు తెరుచుకున్నది. ఆ మొదటి రెండు మాటలూ నలభై ఏండ్ల కింద ఆయన చేతుల మీద బెత్తం గీసిన మాటలే.

"కూడికను మేం జమా అంటం" అన్నాడు సాబు, జనం వైపు తిరిగి. "తీసివేతను తఫ్రీక్ అంటం. భాగారం తక్సీమ్. మీ పటేలు చెప్పింది యాకూబు అచ్చం అట్లనే రాసిండు. తెలుగుల బగావతు, తిరుగుబాటు లెక్క వినబడ్డది, ఉర్దూలకు వచ్చేసరికి చిన్నపిల్లల లెక్కల పాఠం అయింది. పదమూడు మంది పసిపిల్లలు కూడికలు నేర్చుకుంటున్నరు, బహుత్ ఖతర్నాక్ ఉన్నది, ఫౌజు పంపున్రి అన్నట్టు నాకు అర్జీ వచ్చింది."

నవ్వు చంద్రవ్వ దగ్గర మొదలై ఊరు చివరిదాకా పోయింది. మరియ కూడా నవ్వింది, కండ్లు తుడుచుకుంటూ. మైసన్న ఒక్కడే నవ్వలేదు. అతని నిజాయితీకి మచ్చ వచ్చింది.

"మరి పటేల్ను తీసేద్దామని అన్నది నిజమే గద సాబ్? నా చెవులతోని ఇన్న."

బాలలక్ష్మి లేచి వచ్చి గుప్పిట విప్పింది. అరచేతిలో చింతగింజలు, అందులో ఒకటి లావుగా నిగనిగలాడుతున్నది.

"ఒక్కో గింజకు ఒక్కో పేరు పెట్టుకున్నం. గీ పెద్దది మా తాత, పటేలు. రేపు తీసివేతల గదే ముందుగాల తీసేద్దామని వాళ్లన్నరు." ఆమె గుప్పిట మళ్లీ మూసింది. "నేనియ్యలే."

సీతారాం రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి రుమాలు కొంచెం చాలలేదు.

సాబు అక్కడే కలం తెప్పించి అర్జీ మీద హుకుం రాశాడు. మరియ అరుగు నడవాలి, దానికి ఎవరూ అడ్డం రావొద్దు. సీతారాం పటేలు పటేల్‌గిరీ చేసుకుంటూ ఉండాలి, కాకపోతే ఇకమీద అర్జీ పెట్టేముందు ఒక పూట ఆ అరుగు మీద కూర్చొని రావాలి. సంతకం పెట్టబోతూ ఆగి, మంగళవారం తన దగ్గరికి ముగ్గురు ఒకే బండిలో వచ్చారు కదా, మూడు ఊళ్ల నుంచి కూడబలుక్కొని అట్లా రావడానికి ఎవరి దగ్గర ఇజాజతు తీసుకున్నారని అడిగాడు. హనుమాండ్లు సాయన్నను చూశాడు, సాయన్న సీతారాంను చూశాడు, సీతారాం నేలను చూశాడు.

ఆ ఏడు లింగంపేట చుట్టుపక్కల ఇజాజతు లేకుండా జరిగిన కూడిక సర్కారు దఫ్తరుకు ఒక్కటే ఎక్కింది. హాజరు ముగ్గురు, ముగ్గురూ పటేళ్లే.